నా తరఫున

"ఉషా, బీరకాయ చెక్కు పారీకు, పచ్చడి సేద్దువు," అన్నాడు మా ఆయన మన్మథరావు, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆదివారం ఉదయం. కొరాపుట్‌లో మా క్వార్టర్స్ వంటింట్లో బీరకాయలు చెక్కుతూ, మధ్యమధ్య చేతులు తుడుచుకుని నా విద్యార్థిని ప్రణతి థీసిస్‌లో మూడో అధ్యాయం దిద్దుతున్నాను.

నేను రసాయన జీవశాస్త్రం ప్రొఫెసర్ని. ఇంటికొచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే నాకంటే ముందు ఆయనే చెప్పేస్తాడు. "నాది రైల్వేలో సిగ్నల్ పని, ఈవిడది సీసాలు కడిగే పని." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే తల దగ్గర్నుంచి కదలడు. వానాకాలం ఘాట్ రోడ్డు మీద బస్సు ఆలస్యమైతే స్టాండ్‌లో గొడుగు పట్టుకుని నిలబడతాడు. ఇంత ప్రేమ చుట్టూ ఉండగా కోపానికి చోటెక్కడ? మా అమ్మాయి మనీష పుట్టిన ఏడాది బెంగళూరులో ఒక లాబ్‌కి రమ్మన్నారు. "పాలు తాగే గుంటనొగ్గీసి ఎలాగెల్తావు?" అన్నాడు. అది పదో తరగతిలో ఉండగా పుణె నుంచి పిలుపొచ్చింది. "ఈ ఒక్క ఏడూ ఆగు," అన్నాడు. ఆగాను. రెండుసార్లూ వద్దని ఉత్తరం నేనే రాశాను, నా ఇష్టంతోనే అన్నట్టు రాశాను. ఇక్కడే ఉండి, కరెంటు పోయి నమూనాలు పాడైనప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

నేను వెతుకుతున్నది ఒక్కటే. క్షయ రోగి కఫంలో బతికున్న క్రిములను మాత్రమే మెరిపించే అణువు. అది దొరికితే మందు పనిచేస్తోందో లేదో చాలా ముందుగా తెలుస్తుంది. పోయిన వానల్లో మొదటిసారి మెరుపు కనబడింది.

ఆ రోజు మా అత్త ఎర్రమ్మ లాబ్‌లోనే ఉంది. రాయగడలో ముప్ఫై ఏళ్ళు పప్పుల కొట్టు ఒంటిచేత్తో నడిపిన మనిషి, మోకాళ్ళరిగిపోయి మా దగ్గరికొచ్చింది. మెడికల్ కాలేజీలో ఎక్స్‌రే తీయించి, ఇంటికి దింపే తీరిక లేక నాతో తీసుకెళ్ళాను. నన్ను చూడగానే పిల్లలందరూ లేచి నిలబడితే ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరో పెద్దవాళ్ళు వచ్చారేమోనని. మైక్రోస్కోప్‌లో చూడమన్నాను.

"ఈ పచ్చ సుక్కలేటమ్మీ?"

"క్షయ పురుగుల చుట్టాలత్తా. ఇవి అపాయం లేనివి. అసలు వాటి మీద పరీక్ష చేసే లాబ్ మనకిక్కడ లేదు."

"మీ మావని తినీసిన వాటికి సుట్టాలా?"

"అవునత్తా."

ఎంతసేపు చూసిందో. తల పైకెత్తి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాలకి వాటి మొకం సూసేను," అంది.

ఈ ఆదివారం బీరకాయ కూర పొయ్యి మీద పడేసి, మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆయన చేతిలో నా ఫోనుంది.

"హైదరాబాద్ లాబ్ నుంచెవరో మేడం ఫోన్ సేసేరు. నీ అణువుని అసలు పురుగుల మీద సూడ్డానికి ఏడాది రమ్మంతన్నారు. అమ్మకి మోకాళ్ళు బాలేవు, ఉష రాదని సెప్పీసేను. నీకెందుకు మల్లీ మొకమాటం?"

నిజంగా నా మంచికే చేశాననుకుంటున్నాడు, ముఖంలో తెలుస్తోంది. మూడోసారి వద్దనడానికి నా నోరు కూడా అక్కర్లేకపోయింది.

వరండాలో మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న అత్త చెయ్యి ఆగింది.

"ఏట్రా, నా పేరు సెప్పేవా?"

"నీ నొప్పుల గురించేనమ్మా."

"నొప్పి నా మోకాళ్ళకి. దాని కాళ్ళకేటయింది?"

"అది కాదమ్మా, నిన్నెవలు సూస్తారు?"

"నాను కన్నది నిన్నురా. దాన్ని కాదు."

ఆయన నవ్వబోయి ఆగాడు. "నాకు వంట రాదు కదే," అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"నా నోరు బాగానే ఉంది. సెప్తాను, నేర్సుకో."

ఆయన నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. "కోపమొచ్చిందేటి ఉషా?"

"వచ్చింది," అన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన ముఖం చిన్నబోయింది. దగ్గరికి తీసుకుని అబ్బే, లేదులే అనాలనిపించింది, అలవాటు కదా. అనలేదు. చెయ్యి చాపాను. ఫోన్ నా అరచేతిలో పెట్టి, తన చెయ్యి కాసేపు దానిమీదే ఉంచి, తీసేశాడు.

నంబరు నొక్కాను. అవతల ఎత్తారు.

"నమస్తే మేడమ్, నేను ఉషారాణిని. ఇందాక రానన్నది నేను కాదు."