పులి నాది, పిల్లి నీది

"పులి నాది, పిల్లి నీది," అన్నాడు థవోన్, రెండు కెమెరాలనూ పెట్టెల్లోంచి తీసి బల్లమీద పెడుతూ. నేనప్పుడు ఆవిరి మీద ఉడికిన జిగురన్నాన్ని వెదురు బుట్టల్లోకి సర్దుతున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి పంపకం అయిపోయింది. మొగుడు పంచాడు, పెళ్లాం పుచ్చుకుంది. సూరిన్ పట్టణంలో బజారు వెనక వీధిలో స్టూడియో పెట్టినప్పటినుంచీ మా ఇంట్లో అన్ని పంపకాలూ ఇలాగే జరిగాయి. బోర్డు మీద పేరు ఆయనది, లోపల పని నాది.

పులి అని ఆయన పేరుపెట్టిన కెమెరా వేగంగలది. మీట నొక్కి పట్టుకుంటే రెప్ప వేసేలోగా ఇరవై, ముప్పై ఫొటోలు తీసి పడేస్తుంది. మసక వెలుతురులో పరుగెత్తే మనిషి కంటిని కూడా ఒకసారి పట్టుకుందంటే వదలదు. పిల్లి అలా కాదు. నిదానం. ఒక్క ఫొటో తీసి దాన్ని అరిగించుకోవడానికి కాస్త సమయం అడుగుతుంది. చప్పుడు లేకుండా తియ్యమంటే, కదిలే చేతులూ కాళ్లూ వంకరగా వస్తాయి. కానీ దాని కంట్లో పడ్డదేదీ తప్పించుకోదు. పెళ్లికూతురి పైపెదవి మీద నూగు కనిపిస్తుంది, ఆమె వెనక మూడో వరసలో కూర్చున్న మేనత్త ఏడుపూ కనిపిస్తుంది. గోడంత పెద్దది చేసినా చెదరదు. "కొట్లాటలకి పులి, పెళ్లిళ్లకి పిల్లి" అని థవోన్ ఇంటర్నెట్లో పెట్టిన తన వీడియోలో రెండు చేతుల్లో రెండూ పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. ఆ మాటలు రాసింది నేను. ఆ నవ్వుకి లైటు పట్టుకుందీ నేనే.

ఒకసారి నోరు జారి, నాకూ పులి కావాలన్నాను. "నీకెందుకే పులి? పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది," అన్నాడు. నా చెయ్యి ఎందుకు వణుకుతుందో ఆయనకి తెలియదా? ఆయన ముఖం మీద కొట్టడు. పెళ్లివాళ్లు వస్తారు, దుకాణానికి నా ముఖం కావాలి. రవిక కప్పే చోట్లు చూసి కొడతాడు. వీపు, భుజం కింద, తొడ పైభాగం. ఏ లైటు ఎక్కడ పడుతుందో, ఏది నీడలోకి పోతుందో తెలిసిన మనిషి కదా, ఆ విద్య అక్కడ కూడా అక్కరకొచ్చింది. అత్త పక్కగదిలో టీవీ చప్పుడు పెంచుతుంది. మర్నాడు పొద్దున్నే "ఏమే లమై, కుంటుతున్నావేం, నడక నేర్చుకుంటున్నావా?" అని అడుగుతుంది.

మా వైపు బాక్సింగులో పిడికిళ్లతోనే కాదు, మోకాళ్లతో, మోచేతులతో, కాళ్లతో కూడా కొడతారు. ఆ పోటీల నుంచి ఆయన ఇంటికొచ్చి వేలకొద్దీ ఫొటోలు నా ముందు కుమ్మరిస్తాడు. వాటిలోంచి ఒక్కదాన్ని ఏరాల్సింది నేను. పేపర్లో పడేది ఆ ఒక్కటే, దాని కింద పడేది ఆయన పేరే. ఏరడం ఆయనకి చేతకాదు. దెబ్బ తగిలే క్షణం కోసం వెతుకుతాడు. చూడాల్సింది తగిలిన తర్వాతి క్షణం. మోకాలు పక్కటెముకల్లో దిగిపోయి ఉంటుంది, చెమట తలమీంచి లేచి గాలిలో నిలబడి ఉంటుంది, దెబ్బతిన్నవాడి కళ్లు మాత్రం ఇంకా ఏమీ జరగనట్టే ఉంటాయి. నొప్పి కళ్లదాకా రావడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి ఎంతో నాకు లోపలినుంచి తెలుసు. అయినా వాళ్ల బతుకే నయం అనిపించేది. వాళ్లకి రెఫరీ ఉన్నాడు, గంట ఉంది, పక్కన కూర్చుని నీళ్లు పట్టేవాడున్నాడు. పడిపోయినవాణ్ణి ఇంక కొట్టకూడదని ఒక నియమముంది.

నన్ను మాత్రం రింగు దగ్గరికి రానివ్వరు. ఆడది ముట్టుకుంటే రింగు కింద పెట్టిన తాయెత్తుల బలం పోతుందట, బాక్సర్లు చేతికి కట్టుకున్న దారాలు ఉత్త దారాలైపోతాయట. చిన్నప్పటినుంచీ విన్నదే. మా అమ్మ కూడా రింగు పక్కనుంచి నడవాలంటే బట్ట కుచ్చెళ్లు దగ్గరికి లాక్కునేది.

భిక్షువుల వానాకాలపు దీక్షలు ముగిశాక విహారంలో జాతర వచ్చింది. కమిటీ పెద్ద ఫువాంగ్ తాత స్టూడియోకి వచ్చి కూర్చున్నాడు. "ఊరు ఊరంతా ఒకే ఫొటోలో పడాలమ్మాయ్. సభామంటపం గోడకి పెట్టిద్దాం. మేం పోయాక మనవలొచ్చి మా ముఖాలు వెతుక్కోవాలి," అన్నాడు. "అయితే దానికి పిల్లే కావాలి తాతా," అన్నాను. నా కెమెరాతో అయ్యే పని ఒకటి ఊరికి కావలసివచ్చిందని సంతోషపడ్డాను కూడా. జాతర నాడు మధ్యాహ్నం గంటల గోపురం పైకెక్కి, మైదానమంతా పట్టేలా స్టాండు మీద దాన్ని నిలబెట్టాను. తనంతట తనే, చప్పుడు లేకుండా, నిమిషానికి రెండేసి ఫొటోలు తీసుకునేలా పెట్టి కిందికి దిగాను.

మైదానం మధ్యలో రింగు. ఎండ ఇంకా దిగలేదు. షావుకారు హెంగ్ పెంచిన బాక్సరు దేన్ వంతు వచ్చింది. సగం ఊరు వాడి మీదే పందెం కాసింది. థవోన్ రింగు అంచుకి మోచేతులు ఆనించి పులితో తీస్తున్నాడు. ఉన్నట్టుండి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి అరిచాడు.

"బ్యాటరీ! ఏయ్ లమై! చెవుడా నీకు?"

నేను జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లాను. ఆయన దాకా పోవాలంటే రింగు మూల పక్కనుంచే పోవాలి. "ఇక్కడే ఆగుతాను, నువ్వు ఇటురా," అన్నాను. "రౌండు నడుస్తోందే గాడిదా, ఇటివ్వు!" అన్నాడు. ఇంకో అడుగు వేశాను. వెనకనుంచి ఎవరో తోశారు. పడకుండా ఉండాలని చెయ్యి ఆనించాను. అరచేతి కింద రింగు గుడ్డ వెచ్చగా తగిలింది.

ఆ మూలనున్న వాళ్లంతా నా చేతివైపు తిరిగారు. దేన్ చూశాడు. నా చేతినీ, తన చేతికున్న దారాన్నీ చూశాడు. ఆ చూసిన క్షణంలోనే ఎదుటివాడి మోచెయ్యి వాడి కనుబొమ్మని చీల్చింది. రక్తం ముఖం మీదికి దిగింది, వాడు మోకాళ్ల మీద కూలిపోయాడు, పోటీ అయిపోయిందని రెఫరీ చేతులు ఊపేశాడు. సగం ఊరి పందెం పోయింది.

షావుకారు హెంగ్ థవోన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "పెళ్లాన్ని అదుపులో పెట్టుకోవడం చేతకానివాడివి, రింగు పక్కన నీకేం పనిరా?" అన్నాడు.

నన్ను పిలిచింది తనేనని థవోన్ చెప్పలేదు. నా జుట్టుముడి పట్టుకుని లాగాడు. మొదటిసారి ముఖం మీద కొట్టాడు. పెదవి పంటికీ ఆయన వేలి ఎముకకీ మధ్య నలిగి చిట్లింది, నోరంతా ఉప్పగా అయింది. తర్వాత తొడ మీద తన్నాడు. ఎన్నివేలసార్లు ఫొటో తీశాడో ఆ తన్ను, సరిగ్గా అలాగే, మోకాలి కింది ఎముకతో, అడ్డంగా. నా కాలు మడతపడిపోయింది. నేలమీదికి వంగిన తలని రెండు చేతులా పట్టుకుని మోకాలు లేపాడు. అది తగిలినప్పుడు జనం "ఓయ్!" అన్నారు. రింగులో ప్రతి దెబ్బకీ అరిచే అరుపే. గొంతులన్నీ కలిసి, లయ తప్పకుండా, సంబరంగా, "ఓయ్!" మళ్లీ తగిలింది. మళ్లీ "ఓయ్!" నాకు గంట మాత్రం ఎవరూ కొట్టలేదు.

పెదవికి కుట్లు వేయించడానికి తీసుకెళ్లింది అత్తే. "గుడారం తాడు తట్టుకుని పడింది డాక్టరుగారూ. ఎప్పుడూ ఇంతే, కళ్లు నెత్తిమీద పెట్టుకుని నడుస్తుంది," అని చెప్పింది. నేను నోరు తెరవలేను, కుడుతున్నారు. ఆ తాడు మాట మాకంటే ముందే బజారుకి చేరింది. నూడుల్స్ అమ్మే ఆవిడ, "అయ్యో, తాడు తట్టుకున్నావట కదమ్మా. నేను పొయ్యి దగ్గరున్నాను, చూళ్లేదు," అంది. ఫువాంగ్ తాత, "ఎండ కళ్లలో పడిందమ్మాయ్, నాకేం కనపళ్లేదు," అని అటు తిరిగిపోయాడు. ఊరంతా ఒక్కసారే గుడ్డిదైపోయింది. ఆ మాట చుట్టూ తిరిగి తిరిగి నా చెవికే వచ్చేసరికి, ఆ తాడు ఏ రంగుదా అని నేనే గుర్తు తెచ్చుకోబోయాను. ఒళ్లు మండిపోయింది నాకు. న్యాయం కావాలనుకోలేదు నేను, అంత పెద్ద మాట నాకెందుకు? ఒక్కరు, ఎవరో ఒక్కరు, "చూశాను లమై" అంటే చాలుననుకున్నాను. ఆ ఒక్క మాట ఊళ్లో ఎక్కడా దొరకలేదు.

వాపు తగ్గి ఎడమకన్ను తెరుచుకున్నాక, పిల్లి తీసిన ఫొటోలు తెరిచాను. ఇవ్వాల్సిన పని ఇవ్వాలి కదా. మైదానం, గుడారాలు, జెండాలు, చీమల్లా జనం. ఒక్కో దాన్ని పెద్దది చేసి చూసుకుంటూ పోతుంటే ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. రింగు మూల పక్కన నేను. నా తల ఆయన చేతుల మధ్య. లేచిన ఆయన కాలు కొద్దిగా కొడవలిలా వంగింది, పిల్లికున్న లోపం అదొక్కటే. మిగతాదంతా స్పష్టం. ఆయన ముఖం కంటే నన్ను నిలబెట్టేసినవి చుట్టూ ఉన్న ముఖాలు. వందలకొద్దీ ముఖాలు, అన్నీ ఒకవైపే తిరిగి, అన్ని నోళ్లూ గుండ్రంగా తెరుచుకుని. నూడుల్స్ ఆవిడ పొయ్యి వదిలి బల్ల ఎక్కి చూస్తోంది. ఫువాంగ్ తాత ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూస్తున్నాడు. మొదటి వరసలో మా అత్త.

ఏడ్చాను. ఏడుపు ఆగాక నవ్వొచ్చింది, కుట్లు లాగాయి. తాడు లేదు. ఏ రంగు తాడూ లేదు.

అదే ఫొటోని థవోన్ ఫోనుకి పంపి, "మంటపానికి ఇది ఖాయం చెయ్యనా?" అని అడిగాను. ఆయన వరండాలో కాల్చిన కోడి తింటున్నాడు. మసాలా అంటిన బొటనవేలితో ఫోను ఎత్తి ఒకసారి చూశాడు. ఆ చిన్న అద్దంలో అంతా రంగుల ముద్ద.

"బాగుంది, చెయ్యి. రంగులు కాస్త పెంచు," అన్నాడు. "ఈ పిల్లి ఫొటోల్లో చూడ్డానికేముంటుందే, అన్నీ తలకాయలేగా!"

రంగులు పెంచాను. గోడంత ప్రింటు తీశాను.

భిక్షువులకి భోజనం పెట్టే ఉపోసథం పండగరోజున పొద్దున్నే ఊరంతా బుట్టల్లో అన్నం, కూరలు పట్టుకుని మంటపానికి వచ్చింది. భిక్షువుల భోజనాలయ్యాక ఫువాంగ్ తాత గుడ్డ లాగాడు. "అబ్బో!" అన్నారు. ఇంత పెద్ద ఫొటో పెడితే ఏ ఊరైనా చేసేది ఒకటే, ఎవరి ముఖం వాళ్లు వెతుక్కుంటారు. అందరూ గోడ దగ్గరికి తోసుకుపోయారు. నేను పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మెడలో కెమెరా ఉంది.

"అదిగో నేను! అదిగో!" అత్త వేలు తన ముఖం మీద ఆనింది. "నా కొత్త పట్టుబట్ట ఎంత బాగా పడిందో చూడండి! అవునూ, నోరలా తెరిచానేమిటి?"

నూడుల్స్ ఆవిడకి తన నోరు దొరికింది. తాతకి తన చెయ్యి దొరికింది. ఒక్కొక్కరికీ ఎవరిది వాళ్లకి దొరుకుతోంది. దొరికాక, తాము ఎటు చూస్తున్నారో అటు చూడక తప్పలేదు. అత్త వేలు ఆ చూపు వెంట మెల్లగా జరిగింది. జెండాలు దాటింది, రింగు తాళ్లు దాటింది, మూల దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

థవోన్ జనంలోంచి ముందుకొచ్చి చూశాడు. "ఎవరు పెట్టమన్నారే దీన్ని?" అన్నాడు.

"నువ్వే చూసి ఖాయం చేశావుగా," అన్నాను.

చెయ్యి ఎత్తి నా మీదికి వచ్చాడు. అత్త గోడవైపు నుంచి తిరగలేదు. "థవోన్, అందరం చూస్తున్నాంరా," అంది. కొడుకు పరువు కోసం అందో, నా కోసం అందో నాకు తెలియదు. అన్న మాట మాత్రం ఊరంతా విన్నది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడాయన.

మనిషి ముఖంలోకి సిగ్గు వచ్చి పోవడం రెప్పపాటు పని. ఆ వేగం పిల్లికి అందదు. అందుకే ఆ రోజు పొద్దున ఆయన సంచీలోంచి పులిని తెచ్చుకున్నాను. మీట నొక్కి పట్టుకుని, తాత దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ముఖం మీదుగా ఆయన దాకా వచ్చాను. చెయ్యి వణకలేదు.