మూడో తరగతి పక్క గది

తణికాచలం గొంతు ఎక్కాల దగ్గర పోయింది. తమిళనాడు తిరుత్తణిలోని ఓ చిన్న ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో ఆయన మూడో తరగతి వాద్యారు. చేరినప్పటి నుంచీ అదే గది, అదే తరగతి. ఆ రోజు ఏడో ఎక్కం మధ్యలో నోరు కదిలింది గానీ మాట బయటికి రాలేదు. ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలు కూడా చప్పుడు చేయకుండా నోళ్ళు కదిపారు. ఆయన వాళ్ళతోపాటు నవ్వాడు. మిగతా ఎక్కం బోర్డు మీద రాసి చూపించాడు.

అంతకుముందు నుంచే గొంతు బొంగురు పోతూ ఉంది. మిరియాల కషాయమూ, ఉప్పునీళ్ళ పుక్కిలింతలూ అయిపోయాయి. భార్య సుందరవల్లి పోరు పడలేక ఆయన రైలెక్కి తిరువళ్ళూరు పోయి గొంతు డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరమ్మ లోపలికి చిన్న కెమెరా పంపి చూసింది. ఏళ్ళ తరబడి అరిచి అరిచి గొంతులో కాయలు కాచినట్టు అయిందని, కొన్నాళ్ళు అసలు మాట్లాడవద్దని తమిళంలో చెప్పింది. గుసగుసలు కూడా పనికిరావట, వాటితో గొంతుకు ఇంకా చెరుపట.

"మాట్లాడకుండా వాద్యారు పని ఎట్ల చేసేది?" అని పక్కనున్న సుందరవల్లి ఆయన బదులు అడిగింది.

చేయవద్దనే చెబుతున్నానంది డాక్టరమ్మ.

హెడ్‌మిస్ట్రెస్ ఆరోగ్యమేరి మందుల చీటీ చూసి కళ్ళజోడు తీసింది. "లీవు పెడతారంటే పెట్టండి సార్. లేదంటే ఆఫీసులో కూర్చోండి. యువరాణి టీచర్ ట్రైనింగు చేసుండాది గదా, క్లాసు ఆ పాప చూసుకుంటాది."

తణికాచలం తలూపాడు. ఇంట్లో కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది.

యువరాణి ఆ బడి గుమాస్తా. ఆత్తిపట్టు కరెంటు కర్మాగారంలో పనిచేసేవాళ్ళ ఇంటి బిడ్డ, పెళ్ళై తిరుత్తణికి వచ్చింది. ఆమె ఉద్యోగానికి వచ్చినప్పుడు టీచరు ఖాళీ లేదు. ఖాళీ వచ్చేదాకా అని ఆఫీసు కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీలోనే ఇద్దరు పిల్లల తల్లయింది. ఇప్పుడు చాక్‌పీసు చేతిలో పెట్టి క్లాసుకు పొమ్మనేసరికి ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆఫీసుకూ మూడో తరగతికీ మధ్య ఉన్నది పైకప్పు దాకా లేని అడ్డగోడ. అవతలి శబ్దమంతా ఇవతలికి వస్తుంది. మొదటి వారం తణికాచలానికి నరకమే అయింది. పిల్లలు గోల చేస్తున్నారు, బెంచీలు జరుపుతున్నారు, యువరాణి "సైలెన్స్" అంటే ఇంకా రెచ్చిపోతున్నారు. కంప్యూటరు ముందు కూర్చున్నాడన్నమాటేగానీ ఆయన ప్రాణమంతా గోడ అవతలే ఉంది. ఓ రోజు ఇక ఉండబట్టలేక లేచివెళ్ళి క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. గది మొత్తం సద్దుమణిగిపోయింది. తృప్తిగా వెనక్కి తిరిగి వచ్చాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ యువరాణి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, తప్పుగా అనుకోవద్దండి. మీరొచ్చి నిలబడితే పిల్లోళ్ళు మీకు భయపడతారు. మీరు పోయినాక నన్ను ఇంకా లెక్కచేయరు. దయచేసి రావద్దండి సార్."

ఆయనకు చురుక్కుమంది. మాటల బదులు వాడుతున్న పలక తీసుకుని 'సరి' అని రాసి చూపించాడు. ఆ తర్వాత గోడ అవతల కొంప మునిగినా లేవలేదు.

ఆఫీసు పని తేలికని ఆయన అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తెలిసింది. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, తల్లి పిలిచేది మూడో పేరు. కంప్యూటరులో ఒక అక్షరం తేడా వస్తే పిల్లవాడికి పుస్తకాలు రావు. వచ్చినవాళ్ళంతా తొందరలో ఉంటారు, ఈయనేమో పలక మీద రాసి చూపించాలి.

అట్లాంటి ఒక ఉదయం మునెమ్మ వచ్చింది. నేతపని వాళ్ళ వీధి ఆమెది. వెంట ఎనిమిదేళ్ళ మనవరాలు అభినయ.

"అయ్యా, ఈ బిడ్డిని పళ్ళికూడంలో చేర్చుకోవాల. కొడుకూ కోడలూ గుమ్మిడిపూండి కంపెనీలో షిఫ్టు పనికి పోతారు. ఇంట్లో ఒంటిగా ఉండాదని నాకాడికి తెచ్చుకున్నా."

ఆయన పలక మీద రాశాడు. ముసలమ్మ పలక వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది.

"నాకు చదువు రాదు నాయనా. నువ్వు మాట్లాడవా?"

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు. మునెమ్మ అయ్యో పాపం అంది. అప్పుడు అభినయ బల్ల మీదికి వంగి, పలక మీది తమిళాన్ని కూడబలుక్కోకుండా చదివి, "పాత స్కూలు టీసీ యాడుండాది అంటా ఉండారు అవ్వా" అని తెలుగులో చెప్పింది.

తణికాచలం కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంకో ప్రశ్న రాశాడు. ఆ పిల్ల చదివి చెప్పింది. అవ్వ జవాబును తానే పలక మీద రాయబోయి, ఆయన వినగలడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆయన ఈసారి అవ్వకు అక్కర్లేని వాక్యం రాశాడు, కాస్త కష్టమైన మాటలతో. పిల్ల అదీ చదివి నవ్వింది. 'మూడో తరగతికి సరిపోతుంది' అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

చిక్కల్లా ఒకటే. గుమ్మిడిపూండి దగ్గరున్న పాత బడివాళ్ళు కంప్యూటరులో ఆ పిల్ల పేరు వదిలితేగానీ ఇక్కడ ఎక్కించడం కుదరదు. ఫోను చేయాలి. ఈయన చేయలేడు. ఇంటర్వెల్లులో యువరాణిని పిలిచి ఏం మాట్లాడాలో కాగితం మీద వరసగా రాసిచ్చాడు. ఆమె దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి ఫోనెత్తింది. అవతలి హెడ్‌మాస్టరును తమిళంలో అన్నా అని పిలిచి, ఆయన ఊరు అడిగి, మునెమ్మ సంగతి చెప్పి, నవ్వి పెట్టేసింది.

"సాయంత్రానికి వదుల్తారంట సార్." వెళ్ళబోతూ ఆగింది. "తీసివేతల్లో పక్కనుంచి తెచ్చుకునేది పిల్లోళ్ళకి ఎక్కడం లేదు. మీరెట్ల చెప్తారు?"

ఆయన గీసి చూపించాడు. ఆమె శ్రద్ధగా చూసింది. మరునాడు గోడ అవతల వినిపించిన పద్ధతి వేరేది. చింతగింజలు పదేసి చొప్పున మూటలు కట్టించి, విప్పించి చెప్పింది. పిల్లలకు అర్థమైనట్టే ఉంది.

అర్ధసంవత్సర పరీక్షల సెలవులు దాటి, ఇంకో పరీక్ష కూడా దాటాక తిరువళ్ళూరు డాక్టరమ్మ మళ్ళీ చూసి గొంతు బాగుపడిందంది. మాట్లాడవచ్చు. అరిస్తే మాత్రం మళ్ళీ మొదటికి వస్తుంది, అప్పుడు ఆపరేషనే.

సోమవారం తణికాచలం క్లాసులోకి అడుగుపెట్టాడు. పిల్లలు లేచి పాడినట్టు వణక్కం చెప్పారు. యువరాణి అంతకు ముందే తన అన్నం డబ్బా, చింతగింజల సంచి తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆయనకు సంతోషంగానే ఉంది. బుధవారానికి గొంతు గరగరలాడింది. శుక్రవారం వెనక బెంచీకి వినిపించాలని చెబుతుండగా మాట మధ్యలో విరిగింది. ఈసారి పిల్లలు ఆట అనుకోలేదు. ఎవరూ చెప్పకుండానే అందరూ గొంతులు తగ్గించుకున్నారు. అభినయ లేచి, "సార్, మేము దగ్గరికి వచ్చి కూర్చునేదా?" అంది.

వాళ్ళ జాలి ఆయనకు గోల కన్నా బరువనిపించింది.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాడు. "క్లాసు యువరాణికే ఇయ్యండి మేడం. నేను ఆఫీసులో ఉంటా."

ఆరోగ్యమేరి రిజిస్టరు తెరిచింది. "రిజిస్టర్లో టీచరని రాయలేను సార్. క్లర్క్ అనే రాయాల. బాగా యోచన చేసుకోండి."

"చేసుకునే వచ్చినా. ఒకటే అడుగుతా. చదువులో వెనకపడినోళ్ళని మధ్యాహ్నం కొందర్ని నా బల్ల కాడికి పంపండి. అరవకుండా చెప్తా."

"నలుగురు మించకుండా అయితే సరి."

ఇంట్లో సుందరవల్లి అంతా విని అన్నం గిన్నె మూత పెట్టింది. "మా అన్నకి మీరే చెప్పుకోండి. చెల్లెల్ని వాద్యారుకి ఇచ్చినాను, గుమాస్తాకి కాదంటాడు. నన్ను మధ్యలో పెట్టద్దండి." మళ్ళీ మూత తీస్తూ, "గొంతుంటే చాల్లే" అంది.

యువరాణి మరునాడు బల్ల ముందు నిలబడి కొంగు మెలిపెట్టింది. "మీ క్లాసు నేను లాక్కున్నానని అనుకుంటారేమో సార్."

"నాకు కష్టంగా లేదని చెప్పను యువరాణీ. ఉండాది. నువ్వు బాగా చెప్తా ఉండావు, అదీ నిజమే. పో, బెల్లు కొట్టేసినారు."

జూన్‌లో చేరికలు మొదలయ్యాయి. వరండా నిండా తల్లిదండ్రులు. ఆర్.కె.పేట నుంచి వచ్చిన ఒకామె సంచిలో కాగితాలు వెతుక్కుంటూ, క్లర్కు సార్ ఎవరని అడిగింది.

"నేనే అమ్మా. రాండి, కూర్చోండి."

ఆ గొంతు అందుకోవడానికి ఆమె ముందుకు వంగింది. తణికాచలం కాగితాలు తర్వాత చూద్దామన్నట్టు పక్కకు జరిపి, ఆమె వెనక దాక్కున్న పిల్ల వైపు తిరిగి పేరు అడిగాడు.