ఒంటిపేజీ మీద నా కుళ్లు

నేను ఒక బయోడేటాను. నాలుగు పేజీలు, పైన నీలిరంగు గీత, మూలన రంగుల ఫోటో. ఇంత హంగు ఉండి కూడా ఒక బక్కపలచని ఒంటిపేజీని చూసి ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను. నా గోడు వింటే మీరు నవ్వుతారేమో, నవ్వండి.

నేను పుట్టింది గాజువాకలో, ఒక ఇరుకు డీటీపీ సెంటర్‌లో. నన్ను పుట్టించినవాడు అప్పలకొండ. పుట్టించాడనడం కన్నా అతికించాడనడం న్యాయం. ఎవరో ఇంజనీరు కుర్రాడి బయోడేటా తెరిచి, అతని పేరు చెరిపేసి అక్కడ సత్యవేణి పేరు కొట్టాడు. సంస్థ అభివృద్ధికి శక్తియుక్తులన్నీ ధారపోస్తానన్న ఆశయం ఆ కుర్రాడిదే. ఈత కొట్టడం, చదరంగం ఆడటం అనే సరదాలూ అతనివే.

సత్యవేణి మాత్రం రొయ్యల కంపెనీ గోదాములో ఆరేళ్లు స్టోర్స్ చూసిన మనిషి. ఆమె భర్త దేముడు తాపీమేస్త్రి. పరంజా మీంచి పడి అతని నడుము విరిగితే ఆమె ఉద్యోగం మానేసి నాలుగేళ్లు అతన్నే కనిపెట్టుకుని ఉంది. ఇప్పుడతను చేతికర్రతో నడుస్తున్నాడు కానీ గోడ కట్టలేడు. అందుకే ఆమె మళ్లీ పనికి బయలుదేరింది.

"ఈ నాలుగేళ్లకీ ఏటి రాయమంటావక్కా?" అని అడిగాడు అప్పలకొండ.

"ఖాళీగా ఉన్నానంటే తీసుకోరేమో తమ్ముడూ."

"అయితే ఖాళీయే వద్దు. ఇంకా ఆ కంపెనీలోనే చేస్తన్నావని కొట్టేస్తాను. ఎవులు చూడొచ్చారు?"

ఆమె తటపటాయించి, చివరికి తలూపింది. ఆ తర్వాత అప్పలకొండ చేతికి అడ్డు లేకపోయింది. తండ్రి పేరు, మతం, కులం, ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు అన్నీ ఎక్కించాడు. "పేజీలు ఎక్కువుంటే బరువుగా ఉంటాదక్కా" అన్నాడు. చెల్లెలి పెళ్లిలో తీసిన ఫోటో కత్తిరించి అంటించాడు. పక్కావిడ భుజం అందులో మిగిలిపోయింది. నేను మాత్రం పొంగిపోయాను.

బట్టల షాపుకీ సత్యవేణి నన్నే పంపింది, ఆసుపత్రికీ నన్నే పంపింది, బడికీ నన్నే పంపింది. ఎక్కడా పలుకు లేదు. చివరికి ఒక మందుల గోదాము నుంచి పిలుపు వచ్చింది.

అక్కడ మేనేజర్ హైమావతి బల్ల మీద నాలాంటివాళ్లం గుట్టగా పడి ఉన్నాం. నా పైన ఒకటి, కింద ఒకటి, రెండూ పల్చటివే. ఆవిడ వాటిని తీసి ఒక్క చూపులో చదివి, పెన్నుతో గీతలు పెట్టుకుంది. నన్ను మాత్రం తిప్పింది, తిప్పింది, నిట్టూర్చింది. అసూయ అంటే ఏమిటో నాకు ఆ బల్ల మీదే తెలిసింది.

"మీకు ఈత వచ్చా?" అని అడిగింది హైమావతి.

సత్యవేణి తెల్లబోయింది. "రాదండి."

"ఇక్కడ ఉంది కదా. పోనీండి. ఇంకా పాత కంపెనీలోనే చేస్తున్నారని ఉంది. నేను వాళ్లకి ఫోన్ చేశాను. మీరు మానేసి నాలుగేళ్లయిందట."

సత్యవేణి పైటకొంగు వేలికి చుట్టుకుంది. "మా ఆయన మంచాన పడ్డాడండి. చూసుకోడానికి నేను తప్ప ఎవరూ లేరు. అది రాస్తే పని ఇవ్వరని..."

"మీ ఆయన్ని చూసుకోవడం తప్పు కాదమ్మా. లేని ఉద్యోగం రాయడం తప్పు." హైమావతి నన్ను పక్కకి తోసింది. "ఇన్ని పేజీల్లో మీ పుట్టుమచ్చ ఉంది. గోదాములో మీరేం చేశారో ఒక్క ముక్క లేదు. మీరు ఏం చేసేవారు?"

"చల్లగదుల్లో సరుకు చూసేదాన్నండి. ముందొచ్చిన సరుకు ముందు పంపించేదాన్ని. పాడైపోకుండా."

హైమావతి పెన్ను కింద పెట్టింది. "మాకూ చల్లగదులున్నాయి. ఈ కాగితం మీద మాత్రం తీసుకోలేను. సోమవారం ఇంకొకటి రాసి పట్టుకురండి. ఇస్తానని మాటివ్వడం లేదు, చూస్తాను."

నన్ను పట్టుకుని ఇంటికి వచ్చి ఆమె జరిగిందంతా చెప్పింది. దేముడు నన్ను చేతిలోకి తీసుకుని, ఆమె ఉద్యోగం చేసిన సంవత్సరాలు రాసిన చోట వేలు పెట్టాడు.

"ఆ నాలుగేళ్లూ ఏవైపోనాయే?"

ఆమె నన్ను వెనక్కి లాక్కోబోయింది.

"నేను పడిపోడం నీకు నామోషీ అయిపోయిందేటి?"

"నామోషీ కాదు. బయమేసింది" అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ.

అతను కర్ర పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "రాయి. మా ఆయనకి దెబ్బ తగిలితే నాలుగేళ్లు చూసుకున్నాను, ఇప్పుడు నడస్తన్నాడు, నేను పనికి రాగలను. అంతే రాయి."

అలా పుట్టింది ఆ ఒంటిపేజీ. ఆమెకు వచ్చిన చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో, ఆమె చేసిన పనులు మాత్రమే. మతం లేదు, బరువు లేదు, ఫోటో కూడా లేదు. ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదోనని దేముడు తన ఫోన్ నుంచి కొట్టి చూశాడు. తప్పులు దిద్దుకుంటూ మళ్లీ మళ్లీ రాశారు. నేను మంచం మీద బోర్లా పడి, ఆ కాగితం మీద సిరా ఒలికిపోతే బాగుండునని కోరుకున్నాను.

సోమవారం దాన్నే తీసుకెళ్లింది. దాన్నీ తిప్పి పంపాలని రోజంతా మొక్కుకున్నాను. సాయంత్రం సత్యవేణి గుమ్మంలోకి వస్తూనే చెప్పుల్తోనే లోపలికి వచ్చేసింది.

"మూణ్ణెల్లు చూస్తారంట. బాగుంటే ఉంచేస్తారంట. రేపట్నుంచే!"

"మరి నా సంగతి అడిగిందా?" అన్నాడు దేముడు.

"అడిగింది. ఇప్పుడెలా ఉన్నాడని అడిగింది."

దేముడు నవ్వాడు. అతను అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఒంటిపేజీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. నన్ను మడిచి వంటగది అల్మరాలో నూనె డబ్బా కింద వేశారు. రోజుకింత జిడ్డు పీలుస్తున్నాను. అది ఉద్యోగం తెచ్చిందని కాదు నా కుళ్లు. అది రాసిన రోజుల్లో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని దాన్లోని ప్రతి మాటా పైకి చదువుకున్నారు. నాలుగేళ్ల మాట దగ్గర దేముడు ఆగిపోతే ఆమె అందుకుని చదివింది. నన్ను సత్యవేణి మొదటి పేజీ దాటి ఎన్నడూ చదవలేదు.