మూడో అంతస్తు వైద్యం

మోకాళ్ల నొప్పులకు మా ఫిజియోథెరపీ ప్రొఫెసర్‌గారు కొత్త వ్యాయామాలు కనిపెట్టారు. అవి పనిచేస్తాయో లేదో తేల్చే పరిశోధన మూడో అంతస్తులో మొదలుపెట్టారు. వచ్చినవాళ్లచేత వ్యాయామాలు చేయించడం నా పని. అప్పటికే లిఫ్ట్ పాడై మూలనపడింది. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు రెండోసారికే ఆ మెట్లకో దండం పెట్టి మానేశారు. చివరిదాకా వచ్చినవాళ్లను పరీక్షించి ప్రొఫెసర్‌గారు పొంగిపోయారు.

"చూశావా అమ్మా, అందరూ లేడిపిల్లల్లా గెంతుతున్నారు!"

గెంతరా మరి? మూడంతస్తులు ఎక్కగలిగినవాడికి ఈయన వైద్యంతో పనేముంది?

"మానేసినవాళ్ల సంగతేంటి సార్?" ఉండబట్టలేక అడిగాను.

"వాళ్లకి శ్రద్ధ లేదు. వాళ్లని లెక్కలోంచి తీసెయ్."

ఇంతలో ఏ పుణ్యాత్ముడో లిఫ్ట్ బాగుచేయించాడు. మానేసినవాళ్లంతా మూలుగుతూ మళ్లీ దిగబడ్డారు.

"ఏం వ్యాయామాలో ఏమో నాయనా, కుడికాలు నొప్పని వస్తే ఎడమకాలు కూడా పట్టేసింది," అని ఒక పెద్దావిడ ప్రొఫెసర్‌గారి మొహం మీదే అనేసింది. మిగతావాళ్లూ ఆవిడకు వంతపాడారు. వాళ్లను కలుపుకుని చూస్తే మా గొప్ప ఫలితాలు కాస్తా నీరుగారిపోయాయి.

ప్రొఫెసర్‌గారు నా మీద విరుచుకుపడ్డారు. "అసలు ఆ లిఫ్ట్ ఎవరు బాగుచేయించమన్నారు?"

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ఆయనే స్వయంగా లిఫ్ట్ పక్కన 'పనిచేయదు' అనే బోర్డు తగిలిస్తున్నారు. అది వంకర లేకుండా ఉందో లేదో వెనక్కి జరిగి చూసుకున్నారు. తర్వాత అటూ ఇటూ చూసి, అదే లిఫ్టెక్కి పైకి వెళ్లిపోయారు.