ఏడో స్తంభం

టంగ్ అంటే గట్టి. డబ్ అంటే గుల్ల.

దేవదాసు సుత్తితో కాంక్రీటు మీద కొట్టాడు. టంగ్. జానెడు పక్కకు జరిగి మళ్ళీ కొట్టాడు. టంగ్. ఇంకో జానెడు. డబ్. చెవి వెనక దోపుకున్న సుద్దముక్క తీసి ఆ చోట గుండ్రంగా గీశాడు. గీత లోపలిదంతా యంత్రంతో తవ్వేస్తారు. తుప్పు పట్టిన కమ్మీలు గీకి, మందు పూసి, కొత్త సిమెంటు మాలు నింపుతారు. గీత లేనిచోట ఎవరూ చెయ్యి పెట్టరు.

హిందూపురం బజారు మీదుగా పోయే ఆ ఫ్లైఓవర్‌కు ముప్పై మూడేళ్ళు. కింద తోపుడు బళ్ళు, ఇరుపక్కలా మేడలు. మేడకీ వంతెనకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. రెండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేసే ఆవిడ సుత్తి చప్పుడుకు విసుక్కుని తలుపు వేసుకుంది. ఏడు వారాలుగా రోజూ వేసుకుంటూనే ఉంది. ఆమె ఇంట్లో ఏ పూట ఏం ఉడుకుతుందో దేవదాసుకు వాసనతో తెలుసు. పేరు మాత్రం తెలియదు.

అతనికి యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి జారింది. కనుబొమల్లో, చెవి వెంట్రుకల్లో బూడిదరంగు దుమ్ము. తలకు ఎర్రంచు తువ్వాలు. తువ్వాలు మూల ఆకుపచ్చ దారంతో కుట్టిన 'దే' అనే అక్షరం. పనిచోట తువ్వాళ్ళు మారిపోతున్నాయని భార్య రూతమ్మ కుట్టింది.

ఆరో స్తంభం అయిపోయింది. నిచ్చెన దిగి పక్క స్తంభం వైపు చూశాడు. ఏడోది. దానికీ ఇనుపగొట్టాల మంచె కట్టారు, కానీ రంగు వేయడానికి మాత్రమే. రంగు నిన్ననే అయిపోయింది. సాయంత్రం నాలుగుకు మంచె విప్పేస్తారు. రేపు పొద్దున పెద్ద ఆఫీసరు వచ్చి చూసిపోతాడు. ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్ళదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

తెల్లవారుజామున పెనుకొండలో ఇల్లు కదిలేటప్పుడు రూతమ్మ సంగటి డబ్బా చేతికిస్తూ ఒకే మాట అడిగింది. "ఈ పొద్దన్నా చెప్తావా?"

"చెప్తా."

"నెల దినాల నుంచీ అదే చెప్తాండావు."

ఏడో స్తంభం కింద యల్లక్క బండి. ఉగ్గాని, బజ్జీ. మడకశిర పక్క గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి వచ్చి, పదకొండేళ్ళుగా ఆ నీడలోనే బతుకుతోంది. దేవదాసు వెళ్ళి బండి పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా దేవదాసూ, రూతమ్మ నీకు బాగానే ముద్ర కొట్టింది. మా నాయన గొర్రెలకు ఇట్లే కొడతాండె, తప్పిపోకుండా."

"తప్పిపోతే తోలకరావల్ల కదా." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "యల్లక్కా, బండి ఆ పక్కకు పెట్టుకోరాదా?"

"ఆ పక్క పూలోళ్ళది. ఈ పక్క చెప్పులోళ్ళది. నా నెత్తినే పెట్టుకోమంటావా?" ఆమె పైకి చూసింది. "ఏం, పడతాదా ఏమి?"

దేవదాసు ఎడమచెయ్యి రుద్దుకున్నాడు. పొద్దుటి నుంచి నొస్తోంది. సుత్తి పట్టే చెయ్యి నొయ్యాలి గానీ, ఊరికే ఉన్న చెయ్యి ఎందుకు నొస్తుందో అర్థం కాలేదు. "చూస్తాలే" అని వెళ్ళిపోయాడు.

సైట్ ఇంజనీరు రఘునాథ్ జీపు నీడలో కుర్చీ వేసుకుని ఫోన్ చూస్తున్నాడు.

"సార్, ఏడోది కూడా గుల్ల."

"రిపేరు లిస్టులో లేదే?"

"లేదు సార్. అయినా గుల్లే."

"మూడు నెలల కింద అన్ని స్తంభాలకూ ఫోటోలు తీసి పంపించినాము దేవదాసూ. అన్నిట్లోకీ నున్నగా ఉండేది అదొక్కటే. దాని మీద గీత గీసి నా పని ఆపొద్దు. పో, ఎనిమిదోది చూడు."

నున్నగా ఉంటుంది. ఎందుకుండదు? ఆ పూత దేవదాసుదే.

అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇదే వంతెన కట్టేటప్పుడు తట్టలు మోసేవాడు. ఏడో స్తంభం తలకట్టు పోస్తుండగా మిక్సరు ఆగిపోయింది. బాగుచేయించి మళ్ళీ మొదలుపెట్టేసరికి మూడు గంటలు. నాలుగో రోజు పోతకు కట్టిన అచ్చు పలకలు ఊడదీస్తే, దూలాలు కూర్చోవలసిన చోటుకు కాస్త దిగువన, మేకపిల్ల పడుకునేంత బొక్క కనిపించింది. మర్నాడు ఆఫీసరు వస్తాడు. మేస్త్రీ చుట్టూ చూసి దేవదాసును పిలిచాడు. "నీ చెయ్యి సన్నం. రా."

ఖాళీ గోనెసంచులు సిమెంటు నీళ్ళలో ముంచి నాలుగు కుక్కాడు. పైన మాలు పెట్టి తాపీతో తీర్చాడు. అద్దంలా వచ్చింది. ఆఫీసరు దాని మీద చెయ్యి పెట్టి చూసి తలాడించి వెళ్ళాడు. ఆ రోజు దేవదాసు నెత్తి మీద తట్ట దిగింది. చేతికి తాపీ వచ్చింది. తర్వాత బళ్ళారి, బెంగుళూరు, ఎన్నో వంతెనలు. తాపీ పోయి సుత్తి వచ్చింది. గుల్ల కనిపెట్టడంలో అతని చెవికి మించింది లేదన్నారు. మొదటి గుల్ల ఎక్కడుందో మాత్రం రూతమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఆ స్తంభం పక్క నుంచి పోయిన ప్రతిసారీ, ముప్పై మూడేళ్ళుగా, తల వంచుకునేవాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. దేవదాసు డబ్బా విప్పలేదు. సుత్తీ ఉలీ తీసుకుని ఏడో స్తంభం మంచె ఎక్కాడు. ఎప్పుడూ లేనిది, సగంలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. పైకెక్కి, చెమటకు తడిసిన తువ్వాలు విప్పి గొట్టానికి ఆరేశాడు.

కొత్త రంగు మీద ఒక్క దెబ్బ.

డబ్.

సుద్దతో గీయలేదు. ఉలి పెట్టి కొట్టాడు. నాలుగో దెబ్బకు పూత పెచ్చులుగా లేచింది. ఎనిమిదో దెబ్బకు చీకటి కనిపించింది. అందులోకి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. చెయ్యి ఇప్పటికీ సన్నమే. వేళ్ళకు గరుకుగా ఏదో తగిలింది. పట్టి లాగాడు. గోనె. నల్లబడి, బిగుసుకుని, చివర్లు పొడిపొడిగా రాలుతూ, జానెడు ముక్క బయటికి వచ్చింది. దాని వెనక కమ్మీలు ఎర్రగా, పొరలు పొరలుగా ఊడి ఉన్నాయి.

కింది నుంచి యల్లక్క అరిచింది. "ఏమప్పో! నా బాణలిలో సిమెంటు పడతాండాది! బజ్జీలకు గట్టిదనం చాల్లేదనా?"

దేవదాసు గోనెముక్క పట్టుకుని దిగి, నేరుగా జీపు దగ్గరికి వెళ్ళాడు. రఘునాథ్ క్యారియర్ ముందు ఆ ముక్క పెట్టాడు.

"ఇదేందప్పా, అన్నం తినే చోట?"

"ఏడోదాంట్లోది సార్. నేనే పెట్టినా. పంతొమ్మిదేళ్ళప్పుడు. ఇట్లాంటివి నాలుగు ఉండాయి. నేనే పూత పూసినా. కేసు పెట్టుకోండి, జైల్లో ఏసుకోండి. దాన్ని మాత్రం లిస్టులో రాయండి."

పైన లారీ పోయింది. వంతెన అతుకు దగ్గర రెండుసార్లు ధడేలుమంది. రఘునాథ్ గోనెముక్కను వేలితో కదిపి చూశాడు. తర్వాత నవ్వాడు.

"ముప్పై మూడేళ్ళు నిలబడిందా లేదా?"

"నిలబడింది గానీ సార్..."

"మా కాంక్రీటు కూడా అన్నేళ్ళు నిలబడదబ్బా. నువ్వు చేసింది మంచి పనే. అదృష్టవంతుడివి. ఇప్పుడు ఈ మాట పైకి రాస్తే కొత్త లిస్టు, కొత్త ఎస్టిమేటు, ఆర్నెల్లు బ్రిడ్జి బంద్. నా ఉద్యోగం బంద్." చెయ్యి కడుక్కున్నాడు. "మంచె ఈ సాయంత్రం వద్దు, రేపు పొద్దున విప్పుతారు. అంతలోకి తాపీ మేస్త్రీ నరసింహులు మూసేస్తాడు. నువ్వు ఇంటికి పో. మొగం చూడు ఎట్లుందో."

తిట్టి ఉంటే బాగుండేది. కాలరు పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. ముప్పై మూడేళ్ళు దాచిన తప్పును తీసి చూపిస్తే, భుజం తట్టారు.

దేవదాసు స్టేషనుకు నడిచాడు. ధర్మవరం పోయే ప్యాసింజరు ఖాళీగానే ఉంది. కిటికీ పక్కన కూర్చుని తల తడుముకుంటే తువ్వాలు లేదు. మంచె మీదే ఉండిపోయింది. రేపు తీసుకోవచ్చులే అనుకున్నాడు. రేపు ఏమైనా సరే, ఆ పెద్ద ఆఫీసరు ముందు నిలబడి ఇదే మాట చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాడు. 'అయ్యా, నా పేరు దేవదాసు. ఈ వంతెనకు తట్ట మోసినవాణ్ణి...' మలుగూరు దాటాక ఎడమచెయ్యి బరువెక్కింది. ఒడిలో పెట్టుకున్నాడు. కిటికీకి తల ఆనించాడు.

పెనుకొండలో రైలు రెండు నిమిషాలు ఆగింది. కొండ మీద ఎండ ఇంకా ఉంది. దిగేవాళ్ళు దిగారు. ఎదురు సీట్లో కూర్చున్నామె అతని నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక, కాళ్ళు ముడుచుకుని దాటుకుపోయింది.

ధర్మవరంలో పెట్టెలు ఊడ్చే మనిషి చీపురుతో బెంచీ మీద తట్టాడు. "లేయప్పా, ఇదే ఆఖరు." మళ్ళీ తట్టాడు. తర్వాత చీపురు కింద పెట్టాడు.

పొద్దున్నే రూతమ్మ ఫోను వచ్చింది. రఘునాథ్ "అయ్యో" అన్నాడు. మంచి పనోడు అన్నాడు. ఒక నిమిషం అందరినీ నిలబెట్టాడు. ఆ తర్వాత గడియారం చూసుకుని నరసింహులును పైకి ఎక్కించాడు.

నరసింహులు తాపీ పట్టి పాతికేళ్ళు. బొక్కలోకి చెయ్యి పెట్టి చూశాడు. ఉత్త మాలు నిలవదు, జారిపోతుంది. లోపల ఏదైనా కుక్కాలి. గోనెసంచులు ఇప్పుడెక్కడివి? అన్నీ ప్లాస్టిక్ సంచులే, వాటికి మాలు పట్టదు. బట్ట కావాలి. చుట్టూ చూశాడు. గొట్టం మీద, మంచుకు కొంచెం తడిసి, తువ్వాలు ఉంది. తీసుకున్నాడు. మూల అక్షరం చూసి ఆగిపోయాడు.

"ఏమబ్బా నరసింహులూ, ఎంతసేపు? ఆఫీసరు జీపు స్టేషను దాటిందంట!" కింది నుంచి రఘునాథ్ అరిచాడు.

నరసింహులు కళ్ళు మూసుకుని తువ్వాలు సిమెంటు నీళ్ళలో ముంచాడు.

పది గంటలకు పెద్ద ఆఫీసరు వచ్చి ఏడో స్తంభాన్ని కింది నుంచే చూసి తలాడించి పోయాడు. మంచె విప్పారు. యల్లక్క పొయ్యి ఊదుకుంటూ, ఉగ్గాని మీద పడిన దుమ్ము తీసేస్తూ, పూలవాళ్ళ చోటు కేసి ఒకసారి, పైకి ఒకసారి చూసింది. అతుకు మీద పూసిన కొత్త రంగు ఇంకా ఆరలేదు. బెంగుళూరు బస్సు పోయినప్పుడల్లా ఆ నున్నటి పూత అంచులోంచి, తాపీకి లొంగకుండా మిగిలిపోయిన వేలెడు బట్ట కదులుతోంది. ఎర్రంచు, దాని పక్కన ఆకుపచ్చ దారం.