ఒక్క విజిల్

మా నాన్న రాయమల్లును మేము బాపు అంటాం. గోదావరిఖనిలో ముప్పై రెండేళ్లు బాయిపని, అంటే బొగ్గుగనిలో పని చేశాడు. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే హాలేజీ దగ్గర ఆయన డ్యూటీ. అక్కడ మాటలు వినపడవు. ఒక్క గంట కొడితే ఆపాలి, రెండు కొడితే లాగాలి. గంట అందని చోట విజిల్. రిటైరై నాలుగేళ్లయినా, వీధిలో ఎవరైనా ఒక్కసారి విజిల్ ఊదితే బాపు చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. మేము నవ్వేవాళ్లం.

"నవ్వుర్రి. ఒక్కటి ఇనవడ్డంక ఆగకపోతే మనిషి ఇంటికి రాడు," అనేవాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఆ డిగ్రీతోనే ఆఫీసు ఉద్యోగం వచ్చింది. ఈ ఎండాకాలం మా సూపరింటెండెంటు జగదీశ్వర్ సార్ కుటుంబం, మేము కలిసి సూర్యలంక వెళ్లాం. బాపు సముద్రం చూడటం అదే మొదటిసారి. బయలుదేరే ముందు ఆయనకు రెండు కొత్త చొక్కాలు కొన్నాను. సార్ ముందు లుంగీ కట్టొద్దని కూడా చెప్పాను.

రెండో రోజు పొద్దున రిసార్టు ముందు కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగుతున్నాం. కొంచెం దూరంలో బెస్తవాళ్లు అలివి వల లాగుతున్నారు. సముద్రంలో పడవ మీద వెళ్లి అర్ధచంద్రంలా వేసిన వలను, రెండు కొసలా తాళ్లు పట్టి ఒడ్డుకు లాగుతారు. తాడుకు చెయ్యి వేసినవాళ్లు ఎవరైనా సరే, కూరకు సరిపడా చేపలు ఇవ్వడం అక్కడి పద్ధతి.

ఒక తాడు మొదట్లో బాపు ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, చొక్కా లేకుండా. వీపు మీద బొగ్గు గీరుకుపోయిన పాత గాయాల నీలి మచ్చలు ఇక్కడికి కూడా కనపడుతున్నాయి. మడమలు ఇసుకలో దిగేసి "ఇంకింత, ఇంకింత" అంటుంటే వెనకున్న పదిమందీ ఆయన ఊపుకే లాగుతున్నారు.

నా భార్య రాజకుమారి నవ్వింది. "మామ పొద్దుగాలనే చెప్పిండు. ఇయ్యాల మనుమరాలికి తన కష్టంతోని చేపల కూర తినిపిస్తడంట."

సార్ కూడా అటే చూశాడు. "ఏం సంపత్, మీ బాపు రిటైరైనా డ్యూటీ ఇడిసిపెడ్తలేడు గదా!"

సార్ మాటలో ఎగతాళి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం చెవులు కాలాయి. బాపూ అని రెండుసార్లు పిలిచాను. అలల హోరులో వినపడలేదు. నా కూతురు హర్షిణి మెడలో ముందురోజు కొన్న ప్లాస్టిక్ విజిల్ ఉంది. అది తీసుకున్నాను. రెండు ఊదితే ఇంకా గట్టిగా లాగుతాడని తెలుసు. ఒక్కటే ఊదాను.

బాపు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. "ఆగుర్రి! ఆగుర్రి!" అని చెయ్యి పైకెత్తి అరిచాడు. వెనకవాళ్లు బిత్తరపోయి ఆగారు. అవతలి తాడువాళ్లు లాగుతూనే ఉన్నారు. వల ఒకవైపు ఒరిగి అడుగు అంచు పైకి లేచింది. మోకాలి లోతు నీళ్లలోకి వచ్చిన కవళ్ల చేపలు తెల్లగా మెరుస్తూ ఆ సందులోంచి సముద్రంలోకి పోయాయి.

బాపు వలవైపు చూడలేదు. ఇసుకలో పడుతూ లేస్తూ నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"ఏమైంది కొడుకా? పిల్లేది? నీళ్లల్ల వడ్డదా?"

హర్షిణి పక్కనే బిస్కట్ తింటోంది.

"ఏం లేదు బాపూ. చాయ్ సల్లారుతాంది," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. సార్‌ను చూశాడు. తలకున్న తువ్వాలు తీసి భుజాలు కప్పుకున్నాడు.

వలవాళ్ల పెద్ద అరుస్తూ వచ్చాడు. "ఏమయ్యా పెద్దాయనా! ఒడ్డుకొచ్చిన వలను నిలబెట్టేస్తావా? తెల్లారుజాము నుంచి ఇంతమంది కష్టం!"

"నాదే తప్పన్నా. నా చెవులు మంచిగ లెవ్వు."

విజిల్ నా గుప్పిట్లోనే ఉంది. మిగిలిన నాలుగు చేపల్లోనే ఆయన వాటా అని రెండు ఇవ్వబోయారు. బాపు తీసుకోలేదు.

ఆ రోజంతా ఆయన కొత్త చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. సముద్రం వైపు పోలేదు.

మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్నే వలవాళ్ల దగ్గరికి వెళ్లాను. పెద్దతో చెప్పాను. "నిన్న విజిల్ ఊదింది నేను. బాయిల ఒక్క విజిల్ అంటే ఆపాలె. అందుకే ఆగిండు. ఆయన తప్పు లేదు."

"ఎందుకు ఊదావు?"

సముద్రం ఒడ్డున నడుస్తూ జగదీశ్వర్ సార్ అప్పుడే మా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను ఇసుక చూస్తున్నాను.

"పిల్ల నీళ్లల్లకు పోయిందనుకున్నడు అన్నా. భయంతోని ఊదిండు," అన్నది బాపు గొంతు. నా వెనకే వచ్చాడని నాకు తెలియదు.

పెద్ద ముఖం మెత్తబడింది. "పిల్లకోసమా? ఆ మాట నిన్ననే చెప్పొచ్చు కదయ్యా. రా పెద్దాయనా, తాడు పట్టు."

నేను కాదనాలి. ఊదింది పిల్లకోసం కాదని చెప్పాలి. అవునన్నట్టు తల ఊపాను.

బాపు చొక్కా విప్పబోయి, ఒక్కసారి సార్ వైపు చూసి, చొక్కాతోనే తాడు పట్టాడు. మధ్యాహ్నం దాకా తడిసి, వాటాకు వచ్చిన చేపలు తువ్వాలులో మూటగట్టుకొచ్చాడు. రిసార్టు వంటాయన వండి పెట్టాడు. బాపు ముళ్లు తీసి హర్షిణికి తినిపించి, పెద్ద ముక్క నా ప్లేట్లో వేశాడు.

"తిను కొడుకా. సల్లారుతాంది."