చర్చి తలుపు దగ్గర టీకా కార్డు

మా చర్చి తలుపు చేసింది నేనే. టీకా కార్డు లేనివాళ్లను ఆరాధనకు రానివ్వకూడదని కమిటీ తేల్చాక, ఆ తలుపు దగ్గర కాపలాకు కూడా నన్నే పెట్టారు. పైకి విసుక్కున్నాను గానీ లోపల సంబరమే. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితమేది, ఈ కాగితమేది అని నన్ను తిప్పి పంపినవాళ్లే అందరూ. ఇప్పుడు అడిగేది నేను.

మొదటి ఆదివారమే మా అక్క మొగుడు దొరికాడు. టైలరు. ఆ రోజు పదకొండింటికి మనవరాలి బాప్తిస్మం. పాపను ఎత్తుకుని పాస్టరు గారి ముందుకు వెళ్లాల్సింది తాతే. ఆయన కుట్టిన తెల్లగౌనులో పాప, అక్క చంకెక్కి అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

"కార్డేది బావా?"

"ఒరే, చొక్కా వెనక దారమేమైనా వేలాడుతోందా చూడు."

"మాట మార్చకు."

"లేదురా. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి."

"పొద్దున లేస్తే సూదితోనే కదా నీ బతుకు!"

"అది నేను గుచ్చేది. ఇది నన్ను గుచ్చేది. అయినా దేవుడి దగ్గరికి రావడానికి చీటీలేంట్రా?"

"దేవుడికి అక్కర్లేదు. నీ వెనక నిలబడ్డ పెద్దమ్మకు కావాలి. ఆవిడకసలే ఆయాసం."

"అలాగా! మరి తమరి కార్డు చూపించండి ఇన్‌స్పెక్టరు గారూ."

నాకూ లేదు. పొద్దుట్నుంచీ అందర్నీ నేనడిగాను. నన్నడగాలని కమిటీలో ఒక్కడికీ తట్టలేదు.

పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. "తలుపు చేసినవాడికే తలుపు మూత! ఆ కుర్చీ నాకివ్వు. ఎదురు ఆసుపత్రిలో ఆదివారం కూడా వేస్తున్నారు. ఇంకా గంటుంది, కదలండి."

రోడ్డు దాటుతూ బావ అడిగాడు. "మేకులు నోట్లో పెట్టుకుని పనిచేసేవాడివి, నీకేం భయంరా?"

"సూది కాదు బావా. అక్కడ ఫారం నింపమంటారు. మూడుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను."

బావ నవ్వలేదు. ఫారం తీసుకుని, "వయసెంత? బరువెంత?" అంటూ కొలతలు రాసుకున్నట్టు టకటకా నింపేశాడు. సంతకం చోట వేలుపెట్టి చూపించాడు. ఆయన వంతు వచ్చినప్పుడు నేను ఆయన కళ్లు మూశాను.

"అయిపోయింది, లేవండి" అంది నర్సు.

"అంతేనా? బొత్తాం కుట్టడానికే నాకింతకన్నా ఎక్కువసేపు పడుతుంది!"

అరగంట కూర్చోబెట్టి పంపారు. తిరిగొచ్చేసరికి పదకొండుకు ఐదు నిమిషాలుంది. "కార్డులు" అంది పెద్దమ్మ. పుట్టినప్పట్నుంచీ మమ్మల్ని ఎరిగిన మనిషి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివి గానీ లోపలికి వదల్లేదు.

బావ పాపను ఎత్తుకున్నాడు. "భుజం లాగుతోందిరా, కింద చెయ్యి వెయ్యి" అని గొణిగాడు. వేశాను. పాస్టరు గారు నీళ్లు చల్లగానే పాప చర్చి అదిరేలా కేక పెట్టింది.

"చూశావా, నేనింత గోల చేశానా?" అన్నాడు బావ.